శాశ్వతం అంటే ఎన్నేళ్ళు? డేటా రిపాజిటరీకి పాలసీ రాసిన నా అనుభవం

మా సంస్థలో డేటా రిపాజిటరీ, అంటే పరిశోధకుల డేటా దాచిపెట్టే చోటు, నాలుగేళ్ళు పాలసీ లేకుండానే నడిచింది. నడిచింది అనడం కూడా ఎక్కువేమో. ఎవరు ఏ ఫైలు తెచ్చినా తీసుకునేవాళ్ళం, ఎక్కించేవాళ్ళం, ఒక లింకు చేతిలో పెట్టేవాళ్ళం, అంతే. "మీ డేటా ఎక్కడుంది?" అని జర్నల్ వాళ్ళు అడిగితే పరిశోధకులు ఆ లింకు చూపించేవాళ్ళు, వాళ్ళ పని అయిపోయేది. ఆ లింకు వెనక ఉన్నది ఇంకెవరికైనా పనికొస్తుందా అని అడిగినవాళ్ళు లేరు. ఆ రిపాజిటరీ చూసుకోవడమే నా ఉద్యోగం, అయినా నేనూ అడగలేదు.

ఒకరోజు ఒక గ్రాంట్ అప్లికేషన్‌లో "మీ రిపాజిటరీ పాలసీ లింకు ఇవ్వండి" అని ఒక గడి కనిపించింది. ఆ గడిలో పెట్టడానికి మా దగ్గర ఏమీ లేదు. "రెండు పేజీలే కదా, రెండు వారాల్లో రాసెయ్యండి" అన్నారు మా పైఆఫీసరు. మొత్తానికి 14 నెలలు పట్టింది.

మొదటి డ్రాఫ్ట్ గురించి చెప్పుకోవాలంటే ఇప్పటికీ కొంచెం సిగ్గే. వేరే రిపాజిటరీల పాలసీలు ఓ డజను తెరిచి పెట్టుకుని, ఒకదాంట్లోంచి నిర్వచనాలు, ఇంకోదాంట్లోంచి బాధ్యతలు, మరోదాంట్లోంచి "ఈ సంస్థ ఎలాంటి హామీ ఇవ్వదు" అన్న పేరా తీసుకుని అతుకులేసి 11 పేజీలు తయారుచేశాను. చూడ్డానికి గంభీరంగా ఉంది. అందరికీ మెయిల్ పెట్టాను. ఇద్దరే జవాబిచ్చారు. ఒకరు "చాలా బాగుంది" అన్నారు, చదవలేదని తెలుస్తూనే ఉంది. రెండో ఆయన ఏళ్ళ తరబడి ఫీల్డ్ వర్క్ చేసిన సీనియర్, ఒకే ఒక్క వాక్యం రాశారు: "ఇవన్నీ నేనే చేస్తే మీరేం చేస్తారండీ?"

మొదట కోపం వచ్చింది. సాయంత్రం డ్రాఫ్ట్ ప్రింట్ తీసుకుని ఎర్ర పెన్నుతో లెక్కపెట్టాను. డిపాజిట్ చేసేవాళ్ళు ఇది చేయాలి, అది చేయాలి అన్న వాక్యాలు 43 ఉన్నాయి. రిపాజిటరీ ఫలానాది చేస్తుంది అన్నవి 3. ఆ మూడింట్లో ఒకటి "రిపాజిటరీ ఈ పాలసీని ఎప్పుడైనా మార్చవచ్చు". ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. నేను రాసినది పాలసీ కాదు, ఎదుటివాళ్ళకు పెట్టిన రూల్సు.

దాన్ని పక్కన పడేశాను. రాసే ముందు అసలు మా దగ్గర ఏముందో చూద్దామని, ఉన్న రికార్డుల్లోంచి లాటరీ తీసినట్టు 60 తీసి, నాకు ఆ సబ్జెక్టు ఏమీ తెలియదు, ఈ డేటాను మళ్ళీ వాడుకోవాలి అనుకుని ఒక్కొక్కటీ తెరిచాను. మూడు వారాలు పట్టింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా ఉపయోగపడ్డ మూడు వారాలు అవే, ఎవరైనా ఈ పని మొదలుపెడుతుంటే ముందు ఇది చేయమనే చెప్తాను.

ఏం కనిపించిందంటే, సగానికి పైగా రికార్డులకు లైసెన్సు, అంటే ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే మాట, లేదు. టైటిల్ "పేపర్ డేటా", "సప్లిమెంటరీ 2", ఒకచోట అయితే ఉత్త "డేటా". టేబుల్స్‌ని పీడీఎఫ్‌గా పెట్టినవాళ్ళున్నారు, అంటే అంకెలు కళ్ళకు కనిపిస్తాయి కానీ లెక్కలకు దొరకవు. టీ1, టీ2, టీ3 అని కాలమ్ పేర్లు, అది టెంపరేచరా, టైమా, ట్రీట్‌మెంటా ఎక్కడా రాయలేదు. ఒక ఫైల్లో విలువ లేనిచోట ఖాళీ, ఇంకోచోట సున్నా, మరోచోట మైనస్ 99. ఆ మైనస్ 99 సంగతి తెలియకుండా ఎవరైనా సగటు తీస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఎక్సెల్ ఫైళ్ళ కథ ఇంకోటి. మనం టైప్ చేసినదాన్ని తేదీ అనుకుని మార్చేసే అలవాటు దానికి ఉంది కదా. జన్యుశాస్త్రంలో ఈ బాధ ఎంత ముదిరిందంటే, మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లు మార్చి 1, సెప్టెంబర్ 1గా మారిపోతున్నాయని చివరికి 2020లో జన్యువుల పేర్లు ఖరారు చేసే కమిటీయే ఆ పేర్లు మార్చుకుంది. మార్చ్1 మార్చ్‌ఎఫ్1 అయింది, సెప్ట్1 సెప్టిన్1 అయింది. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, సైన్సే సర్దుకుంది. మా రికార్డుల్లో జన్యువులు లేవు గానీ, 3-4 అని రాసుకున్న ప్లాట్ నంబర్లు ఏప్రిల్ 3గా మారిన ఫైలు ఒకటి దొరికింది.

ఆ 60లో అనుమానం వచ్చిన చోటల్లా డిపాజిట్ చేసినవాళ్ళకు మెయిల్ పెట్టాను. మెయిళ్ళు తిరిగొచ్చేశాయి. కొందరు సంస్థ మారిపోయారు, కొందరు రిటైరయ్యారు, ఒకాయన పోయారు. అప్పటికి నాలుగేళ్ళే. ఇది మా ఒక్కరి సంగతి కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2 నుంచి 22 ఏళ్ళ వయసున్న 516 పేపర్లు తీసుకుని వాటి డేటా అడిగి చూసిన ఒక అధ్యయనం 2014లో కరెంట్ బయాలజీ జర్నల్లో వచ్చింది. పేపర్‌కి ఒక్కో ఏడూ గడిచేకొద్దీ దాని డేటా ఇంకా ఉండే అవకాశం 17 శాతం చొప్పున తగ్గుతూ పోయిందని అందులో తేలింది. "అడిగితే ఇస్తాం" అని పేపర్లో రాసేవాళ్ళ విషయానికొస్తే, 2022లో ఇంకొకరు అలా రాసిన 1792 పేపర్ల రచయితలను నిజంగానే అడిగి చూశారు. డేటా ఇచ్చింది 122 మంది. అంటే నూటికి ఏడుగురు కూడా లేరు. వాళ్ళందరూ అబద్ధం ఆడారని నేననుకోను. ఫైలు ఏ లాప్‌టాప్‌లో ఉందో, ఏ విద్యార్థి దగ్గర ఉండిపోయిందో వాళ్ళకే తెలిసి ఉండదు.

ఈ మూడు వారాలయ్యాక ఫెయిర్ సూత్రాలు మళ్ళీ చదివాను. 2016లో సైంటిఫిక్ డేటా జర్నల్లో వచ్చాయి, మొత్తం 15. వెతికితే దొరకాలి, దొరికినదాన్ని అందుకోగలగాలి, వేరే డేటాతో కలిసి పనిచేయాలి, మళ్ళీ వాడుకోవడానికి వీలుండాలి, ఈ నాలుగు మాటల ఇంగ్లీషు మొదటి అక్షరాలే ఫెయిర్. మొదటిసారి చదివినప్పుడు నేను చాలామందిలాగే ఫెయిర్ అంటే అందరికీ ఓపెన్‌గా పెట్టేయడం అనుకున్నాను. అలా లేదు అందులో. లాగిన్ పెట్టొచ్చు, అనుమతి అడగమనొచ్చు, కానీ డేటా ఉందని, దాన్ని ఎలా అడగాలని మాత్రం అందరికీ కనిపించాలి. ఇంకో సూత్రం నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత అదే మమ్మల్ని కాపాడింది: డేటా లేకుండా పోయినా మెటాడేటా, అంటే ఆ డేటా ఏమిటో, ఎవరిదో చెప్పే వివరాలు, నిలిచి ఉండాలి అని.

అయితే సూత్రాలు వేరు, పాలసీ వేరు. "వివరమైన మెటాడేటా ఉండాలి" అంటుంది సూత్రం. ఎంత వివరం? ఎవరు రాయాలి? రాయకపోతే ఏమవుతుంది? అది చెప్పాల్సింది మనమే.

రెండో డ్రాఫ్ట్‌లో మొదటి పోట్లాట అక్కడే మొదలైంది. నేను పెట్టిన తప్పనిసరి గడులు 27. ఆ మూడు వారాల కసి అంతా అందులో చూపించాను. అయిదుగురు పరిశోధకులను కూర్చోబెట్టి ఫారం నింపమన్నాను, నేను వెనక నిలబడి చూస్తున్నాను. ఒకమ్మాయి పన్నెండో గడి దగ్గర ఆగి, "వర్తించదు" అని టైప్ చేసి, దాన్నే కాపీ చేసి మిగతా అన్ని గడుల్లో వేసేసింది. నా మొహం చూసి "సారీ సర్, టైమ్ లేదు" అంది. తప్పు తనది కాదు. తప్పనిసరి అన్న గడులు ఎక్కువయ్యేకొద్దీ అందులో పడేది చెత్తే.

డేటాసెట్లకు డీఓఐ, అంటే మారని గుర్తింపు సంఖ్య, ఇచ్చే డేటాసైట్ వాళ్ళు తప్పనిసరి అనేవి ఆరే ఆరు: గుర్తింపు సంఖ్య, రూపొందించినవాళ్ళు, టైటిల్, ప్రచురించినవాళ్ళు, సంవత్సరం, అది ఏ రకం వస్తువు అన్నది. మేం ఆ ఆరు తీసుకుని, మూడు కలిపాం. లైసెన్సు, వివరణ, డేటాను ఎలా చదవాలో చెప్పే రీడ్‌మీ ఫైలు. తొమ్మిది. ఈ తొమ్మిదిలో కూడా గుర్తింపు సంఖ్య, ప్రచురించినవాళ్ళు, సంవత్సరం మా సిస్టమే నింపుకుంటుంది, ఫైలు సైజు, ఫార్మాటు లాంటివి ఎలాగూ అదే చదువుకుంటుంది. మనిషిని అడగాల్సినవి మనిషికి మాత్రమే తెలిసినవి అయి ఉండాలి, ఇది ఒప్పించడానికి మా ఐటీ వాళ్ళతో నాలుగు మీటింగులు పట్టింది. పేరు పక్కన ఆర్కిడ్ నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, అడిగాం, తప్పనిసరి చేయలేదు. ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలు ఉన్న ముగ్గురు మా దగ్గరే ఉన్నారు కాబట్టి దాని అవసరం ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

టైటిల్ విషయంలో ఒక్క రూలే పెట్టాం. పేపర్ టైటిల్ యథాతథంగా పెట్టొద్దు, ఏం కొలిచారో, ఎక్కడో, ఎప్పుడో టైటిల్లో ఉండాలి. అంతే, ఆ ఒక్కదానితో రికార్డుల లిస్టు మనుషులు చదవగలిగేలా తయారైంది.

రీడ్‌మీకి ఒక పేజీ నమూనా ఇచ్చాం. ప్రతి కాలమ్ పేరు, దాని అర్థం, యూనిట్, విలువ లేనిచోట ఏం రాశారు, ఎలా సేకరించారు, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌తో శుభ్రం చేశారు. అందరూ దీన్నే ఎక్కువ తిట్టుకున్నారు. తర్వాత ఎక్కువ మెచ్చుకున్నదీ దీన్నే. కొందరైతే డేటా సేకరించే మొదటి రోజునుంచే ఆ నమూనా పక్కన పెట్టుకుంటున్నారట, చివర్లో గుర్తుచేసుకునే బాధ లేకుండా.

వెతికితే దొరకడం గురించి ఇంకో మాట. కీవర్డుల మీద మేం గంటలు గంటలు వాదించుకున్నాం, సొంత జాబితా పెట్టుకోవాలా, ఆయా రంగాల్లో ఉన్న జాబితాలు వాడాలా అని. ఉన్నవే వాడాలి అని తేలింది, మంచిదే. కానీ నిజంగా తేడా తెచ్చింది వేరే. ప్రతి రికార్డు పేజీలో యంత్రం చదవగలిగేలా స్కీమా డాట్ ఆర్గ్ పద్ధతిలో మెటాడేటా పెట్టమని పాలసీలో ఒక లైను రాశాం. గూగుల్ 2018లో మొదలుపెట్టిన డేటాసెట్ సెర్చ్ చదివేది దాన్నే. మా ఐటీ కుర్రాడు ఒక మధ్యాహ్నంలో చేసేశాడు. అప్పటిదాకా మా సైటుకి వచ్చి, మా సెర్చ్ డబ్బాలో టైప్ చేసి వెతికేవాళ్ళ కోసమే మేం తాపత్రయపడ్డాం. అలా వచ్చేవాళ్ళు ఎవరున్నారు? మేమే.

లైసెన్సు మీటింగ్ రెండున్నర గంటలు జరిగింది. అందరూ పని చేసేవాళ్ళే, అందరికీ వాళ్ళ డేటా మీద ప్రేమే. "పెట్టాను కదా, డౌన్‌లోడ్ అవుతోంది కదా, ఇంక లైసెన్సు దేనికి?" అన్నారొకరు. డౌన్‌లోడ్ అవుతోందంటే వాడుకోవచ్చని కాదు సార్, లైసెన్సు లేకపోతే జాగ్రత్తగల మనిషి ముట్టుకోడు, జాగ్రత్తలేని మనిషి ఎలాగూ అడగడు అన్నాను. ఇంకొకరు వ్యాపారానికి వాడొద్దు అన్న షరతు కావాలన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఫీజు తీసుకునే శిక్షణా తరగతిలో వాడితే అది వ్యాపారమా? కంపెనీ డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయ ప్రాజెక్టులో వాడితే? ఆ షరతు పెట్టిన మనిషే జవాబు చెప్పలేకపోయారు, వాడుకునేవాడు ఎలా చెప్తాడు?

చివరికి తేలిందేమంటే, మెటాడేటా మొత్తం క్రియేటివ్ కామన్స్ వాళ్ళ సీసీ జీరో, అంటే ఏ షరతూ లేకుండా ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, ఎత్తుకుపోతేనే కదా నలుగురికీ తెలిసేది. డేటాకి సీసీ జీరో లేదా సీసీ బై 4.0 (ఎవరి డేటానో పేరు చెప్పి వాడుకోవచ్చు), ఈ రెండింట్లో ఒకటి. వేరేది కావాలంటే కారణం రాయాలి, ఆ కారణం రికార్డు పేజీలో అందరికీ కనిపిస్తుంది. ఈ చివరి మాట పెట్టాక వేరే లైసెన్సు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఇంకోటి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చాక అప్పటికే తీసుకున్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేరు, ఈ సంగతి డిపాజిట్ బటన్ పైనే పెద్దక్షరాల్లో రాశాం. అది చదివి ఒకరిద్దరు ఆగి, వాళ్ళ టీంతో మాట్లాడి, వారం తర్వాత వచ్చి పెట్టారు. ఆగాల్సిన చోట ఆగారు.

సున్నితమైన డేటా దగ్గర నా ఆలోచనే తప్పని తెలిసింది. పేర్లు తీసేస్తే సరిపోతుందనే నేననుకున్నా. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఉద్యోగుల ఆస్పత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చినప్పుడు, అప్పటికి విద్యార్థిగా ఉన్న లతాన్యా స్వీనీ 20 డాలర్లకు ఓటర్ల జాబితా కొనుక్కుని, పుట్టినతేదీ, లింగం, జిప్ కోడ్ మూడే మూడు కలిపి చూసి గవర్నర్ విలియం వెల్డ్ రికార్డు ఏదో పట్టుకుంది. 1990ల నాటి ముచ్చట అది. ఇది చదివాక మా దగ్గరున్న ఒక ఇంటర్వ్యూల ఫైలు తెరిచాను. పేర్లు లేవు. వయసు, వృత్తి, ఊరు, పిల్లలెందరు, ఎన్నేళ్ళుగా అక్కడుంటున్నారు, ఇవన్నీ ఉన్నాయి. ఆ ఊళ్ళో ఆ వృత్తిలో ఆ వయసువాళ్ళు ఎంతమంది ఉంటారు? ఒకరు. ఆ ఫైలు నాలుగేళ్ళుగా అందరికీ ఓపెన్‌గా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, పొద్దున్నే మొదటి పని దాన్ని మూసేశాం.

అప్పుడే ఇంకో చిక్కు బయటపడింది. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళ సంతకం ఉన్న అంగీకార పత్రంలో "అధ్యయనం ముగిశాక ఈ సమాచారాన్ని నాశనం చేస్తాం" అని ఉంది. ఎప్పటినుంచో వాడుతున్న పత్రం, ఎవరూ ఆలోచించకుండా ఫొటోకాపీ తీసుకుంటూ వచ్చారు. మనుషులకు అలా మాటిచ్చాక రిపాజిటరీలో ఎలా దాస్తాం? డేటా చివర్లో మన దగ్గరికొచ్చినప్పుడు పాలసీ గుర్తుకొస్తే లాభం లేదు, మొదట్లోనే నైతిక అనుమతుల కమిటీ దగ్గర గుర్తుకు రావాలి. అందుకని పాలసీలో అంగీకార పత్రానికి మూడు నమూనా వాక్యాలు చేర్చి, కమిటీ వాళ్ళ ఫారంలో "డేటా ఎక్కడ దాస్తారు" అన్న ప్రశ్న పెట్టించాం. అనుమతి మీద ఇచ్చే డేటాకి ఎవరు నిర్ణయిస్తారో పదవి పేరుతో రాశాం, మనిషి పేరుతో కాదు. 15 పని దినాల్లో జవాబు, కాదంటే కారణం రాతపూర్వకంగా. మనిషి పేరు రాస్తే ఏమవుతుందో ఆ తిరిగొచ్చిన మెయిళ్ళు నేర్పాయి.

రెండో డ్రాఫ్ట్ దాదాపు అయిపోయిందనుకుంటున్న వారంలో ఒక మెయిల్ వచ్చింది. "నా డేటాసెట్ డిలీట్ చేయండి, దాంట్లో తప్పుంది." ఫోన్ చేశాను. ఒక పరికరం కాలిబ్రేషన్ తప్పిందట, మూడు నెలల కొలతలు అన్నీ కాస్త ఎక్కువ చూపించాయి. సరిచేసిన ఫైలు సిద్ధంగా ఉంది, పాతది మాత్రం ఎవరి కంటా పడకూడదు అంటారు ఆయన. గొంతులో భయం తెలుస్తోంది, పరువు పోతుందని. ఆ పాత డేటాను అప్పటికే వేరేవాళ్ళు ఒక పేపర్లో వాడి, మేమిచ్చిన డీఓఐ ఉదహరించారు. మేం డిలీట్ చేస్తే వాళ్ళు దేన్ని వాడారో ఎవరికీ తెలియదు. చేయకపోతే ఈయనకు టెన్షన్.

పాలసీలో అప్పటిదాకా "డిపాజిటర్ కోరితే తొలగించవచ్చు" అని ఉంది. కొట్టేశాను. కొత్తగా రాసింది ఇది: డేటా మారితే కొత్త వెర్షన్, కొత్త డీఓఐ, పాత పేజీ పైన "దీనికి సరిచేసిన వెర్షన్ ఉంది" అని లింకుతో సహా గుర్తు. వివరణలో అక్షరదోషం లాంటిది దిద్దితే డీఓఐ మారదు, మార్పుల చిట్టాలో తేదీ వేస్తాం. పూర్తిగా తీసేయడం మూడు కారణాలకే: ఎవరి గోప్యతైనా బయటపడుతున్నప్పుడు, చట్టం చెప్పినప్పుడు, డేటా కల్పితమని విచారణలో తేలినప్పుడు. గోప్యత అయితే ముందు మూసి తర్వాత మాట్లాడతాం. తీసేసినా పేజీ ఉంటుంది, టైటిల్, రచయితలు, ఎప్పుడు తీశాం, ఎందుకు తీశాం. దీన్ని ఇంగ్లీషులో టూంబ్‌స్టోన్ పేజీ అంటారు, సమాధి రాయి. మా మీటింగులో ఒకరు "ఆ పేరు బాలేదండీ" అన్నారు, పేరు ఏదైతేనేం, నేను అర్థంచేసుకోలేకపోయిన ఆ సూత్రం ఇదే.

ఆ కాలిబ్రేషన్ ఆయనకు ఇదంతా చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "సరే, అయితే తప్పు ఎక్కడ జరిగిందో నేనే రాస్తాను" అన్నారు. పాత పేజీ మీద ఆయన రాసిన నాలుగు లైన్ల నోట్ ఇప్పటికీ మా దగ్గరున్న వాటిల్లో నాకు బాగా నచ్చిన మెటాడేటా.

మూడో డ్రాఫ్ట్ ఫైనాన్స్ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అక్కడ చిక్కుతుందని నేను ఊహించలేదు. "డేటాను శాశ్వతంగా భద్రపరుస్తాం" అని రాశాను. ఫైనాన్స్ మేడమ్ పెన్ను ఆ మాట మీద పెట్టి, "శాశ్వతం అంటే ఎన్నేళ్ళు? నేను బడ్జెట్లో ఎన్నేళ్ళకు వేయాలి?" అని అడిగారు. నవ్వు కోసం అడగలేదు. నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ పరిశోధకులను నిలదీసిన నేను మా సొంత మాట దగ్గర మాత్రం గాల్లో రాసేశాను.

దాన్ని ఇలా మార్చాం. చివరిగా డిపాజిట్ చేసిన తేదీ నుంచి కనీసం 10 ఏళ్ళు. తర్వాత సమీక్ష, ఉంచాలా వద్దా ఎవరు నిర్ణయిస్తారో రాశాం, ఉంచకపోయినా మెటాడేటా పేజీ మాత్రం పోదు. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ప్రాంతంలో. ప్రతి ఫైలుకీ షా-256 లెక్క, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య, తీసి దాచి, ఆరు నెలలకోసారి మళ్ళీ తీసి పోలుస్తాం, ఒక్క బిట్ మారినా తెలిసిపోతుంది. అన్ని ఫైళ్ళూ చెడకుండా చూస్తాం, కానీ భవిష్యత్తులో కూడా తెరుచుకునేలా మారుస్తూ ఉండటం సీఎస్‌వీ లాంటి ఓపెన్ ఫార్మాట్లకే మా వల్ల అవుతుంది అని దాపరికం లేకుండా రాశాం. ఏదో పరికరం కంపెనీ సొంత ఫార్మాట్లో ఇస్తే తీసుకుంటాం, ఇరవై ఏళ్ళ తర్వాత తెరుచుకుంటుందని మాటివ్వం.

మేమే మూతపడితే? ఆ ప్రశ్న కోర్‌ట్రస్ట్‌సీల్ వాళ్ళ షరతుల్లో ఉంది. 2017లో మొదలైన రిపాజిటరీ ధ్రువీకరణ అది, 16 షరతులుంటాయి, వాటిల్లో ఒకటి మీ తర్వాత డేటా ఎవరి చేతికి వెళ్తుందో చెప్పమంటుంది. మేం దానికి అప్లై చేయలేదు ఇంకా, కానీ ఆ 16 ప్రశ్నలు ముందు పెట్టుకుని మా డ్రాఫ్ట్ చదువుకోవడం మంచి పరీక్ష. ఇంకో సంస్థతో ఒక ఉత్తరం మార్చుకున్నాం, మాకేమైనా అయితే వాళ్ళు తీసుకుంటారు, వాళ్ళకేమైనా అయితే మేం. ఆ ఒక్క పేజీ ఉత్తరానికి సంతకాలు పడేసరికి అయిదు నెలలు. పద్నాలుగు నెలల్లో అయిదు అక్కడే పోయాయి.

ఎవరు చూస్తారు, ఎంత చూస్తారు అన్నది కూడా ఉన్నదున్నట్టు రాసుకున్నాం. రిపాజిటరీలో ఉన్నది నేను, సగం రోజు పనిచేసే ఇంకొక సహోద్యోగి. ప్రతి డేటాసెట్ లోతుగా తనిఖీ చేస్తామని రాస్తే అబద్ధం అవుతుంది. అందుకని రెండు స్థాయిలు. మొదటిది, గడులు, లైసెన్సు, రీడ్‌మీ ఉన్నాయా, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయా, 5 పని దినాల్లో. రెండోది, కాలమ్ కాలమ్ చూసి డిపాజిటర్‌తో మాట్లాడటం, దానికి క్యూ ఉంటుంది. ఏ రికార్డుకి ఏ స్థాయి జరిగిందో పేజీ మీదే కనిపిస్తుంది. తనిఖీ చేయని రికార్డుకి చేశామన్న భ్రమ కల్పించకూడదు కదా.

ఒక చిన్న తెలివి చివర్లో వచ్చింది, ముందే వచ్చి ఉంటే రెండు నెలలు మిగిలేవి. ఫార్మాట్ల జాబితా, రీడ్‌మీ నమూనా, ఫైలు సైజు పరిమితి, ఇవన్నీ పాలసీలోనే పెట్టాను. అంటే ఒక ఫార్మాట్ పేరు చేర్చాలన్నా మళ్ళీ పెద్ద కమిటీ ముందుకెళ్ళాలి. మార్పులు తరచూ వచ్చేవన్నీ తీసి వేరే పత్రంలో పెట్టాం, దాన్ని మేమే మార్చుకోవచ్చు. పాలసీ 4 పేజీలకు దిగింది. ఈసారి మళ్ళీ ఎర్ర పెన్ను తీసి లెక్కపెట్టాను, డిపాజిటర్ చేయాల్సినవి 12, మేం చేసేవి 19. ఆ సీనియర్‌కి పంపాను. "ఇప్పుడు మీ పని కనబడుతోంది" అని రాశారు, కింద ఇంకో లైను, "ఎనిమిదో పాయింటులో కామా తప్పుగా పడింది".

పాలసీ అమల్లోకి వచ్చి ఏడాదిన్నర అయింది. కోడ్ ఎలా తీసుకోవాలో ఇంకా తేలలేదు, డేటా లైసెన్సులు దానికి సరిపోవు, వెర్షన్లు రోజుకోటి మారతాయి, వచ్చే సమీక్షలో ఆ గొడవ ఉంది. పాత రికార్డుల్లో లైసెన్సు లేనివి ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని అడుగుతున్నాం, దొరకనివాళ్ళవి అలాగే ఉన్నాయి, వాటి మీద "లైసెన్సు తెలియదు" అని రాసి ఉంచాం.

కిందటి నెల ఈ ఉద్యోగానికి రాకముందు నేను చేసిన ఒక సర్వే డేటా పాత హార్డ్ డిస్కులో కనబడితే, సరదాగా నేనే డిపాజిట్ చేశాను. మా సహోద్యోగి మూడో రోజున వెనక్కి పంపింది. ఎస్2 అన్న కాలమ్‌కి యూనిట్ లేదు, అర్థం రాయలేదు అని. కూర్చుని ఎంత ఆలోచించినా ఆ ఎస్2 ఏమిటో నాకు గుర్తు రాలేదు. అప్పుడు నాతో సర్వే చేసిన స్నేహితుడికి ఫోన్ చేశాను, అతనికీ గుర్తు లేదు, పాత నోట్‌బుక్కులు అటకమీద ఉన్నాయి, ఆదివారం వెతికి చెప్తానన్నాడు.